చేలో కాయ ఉండగా వాన చదువు

మా అనంతపురం జిల్లాలో ప్రాజెక్టు అనే మాటకు అప్పట్లో ఒకటే అర్థం. శంకుస్థాపన రాయి ఉంటుంది, తవ్విన కాలువ ఉంటుంది, నీళ్లు మాత్రం ఉండవు. అందుకే చరిత్ర ఎం.ఏ. చివరి ఏడాది పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ప్రాజెక్టు చేయాలని కొత్త సిలబస్‌లో పెట్టినప్పుడు మా స్టాఫ్‌రూములో అందరం ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. ఇప్పుడు పరిశోధన చేస్తున్న మీకు ఫోనే టేప్‌రికార్డరు, ఫోనే కెమెరా, ఫోనే లైబ్రరీ. మా శాఖకు అప్పుడు చెప్పుకోదగ్గ రికార్డూ లేదు, రికార్డరూ లేదు. ఉన్నది నేను, మా శాఖాధిపతి, తిరగని ఒక ఫ్యాను.

శాఖాధిపతి గారి ఊతపదం ‘ఆధారం?’. టీ చల్లారిపోయింది సార్ అన్నా ‘ఆధారం?’ అనేవారు. మనం తాగి మొగం మాడ్చుకుంటే తప్ప నమ్మేవారు కాదు. మంచి మనిషి. కాకపోతే అచ్చులో పడనిది ఏదీ జరగలేదని ఆయన నమ్మకం.

క్లాసులో సగంమంది జిల్లాలో స్వాతంత్ర్యోద్యమం అనే అంశాన్నే ఎంచుకున్నారు. ఒకరి కాగితాలు చూసి ఒకరు ఎంతో స్వేచ్ఛగా రాసుకున్నారు. ఒక్క అమ్మాయి మాత్రం నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడింది. కంబదూరు దాటి, బస్సు దిగి ఇంకొంచెం నడవాల్సిన ఊరు వాళ్లది. క్లాసులో నోరు తెరిచేది తక్కువ. తెరిస్తే మాత్రం మనం మూసుకోవాల్సిందే.

“సార్, నేను మా ఊరి వాన చదువు మీద చేస్తా.”

మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను. వాన ముఖం చాటేసిన ఏడు, ఊరి నడుమ దీపం పెట్టి పురాణంలో ఒక పర్వాన్ని రోజూ ఇంతని చదువుతారు. ఒకాయన పద్యం పాడతాడు, పక్కన ఇంకొకాయన అర్థం చెబుతాడు. అది ముగిసేలోపు వాన వస్తుందని నమ్మకం. ఊర్లో దాన్నే వాన చదువు అంటారు. కాలేజీ చదువుకు ఉద్యోగమొస్తుందన్న నమ్మకం కంటే అది కాస్త గట్టిది.

ఆ అమ్మాయిని శాఖాధిపతి దగ్గరికి తీసుకుపోయినాను.

“ఇది చరిత్ర కాదమ్మా, భక్తి” అన్నారాయన.

“కరువు చరిత్రే కదా సార్. కరువులో జనం ఏం చేసినారో అది చరిత్ర కాదా?”

“ఆధారం?”

“మా ఊరే సార్.”

“ఊరు ఆధారం కాదు. చదివేటప్పుడు టేపులో పట్టి తీసుకురా. అది వినిపిస్తే ఒప్పుకుంటా. లేదంటే వచ్చే ఏడు పిల్లలతో కూచొని ఇంకొకటి చెయ్యి.”

వచ్చే ఏడు అనేది ఆ అమ్మాయి ఇంట్లో లేని మాట. తమ్ముడు ఇంటరు చివర్లో ఉన్నాడు. ‘ఇద్దర్నీ ఒగేసారి చదివించేది నా చేత కాదు, ఈ ఏడుతో నీది అయిపోవల్ల, వాడిది మొదలుకావల్ల’ అని వాళ్ల నాయన ముందే చెప్పినాడు. క్రిస్మస్ సెలవుల లోపల ప్రాజెక్టు ఇవ్వకపోతే రెండేళ్ల చదువు అంచు దాకా వచ్చి ఆగిపోతుంది.

ఇక్కడే మా జిల్లాలో ఎవరూ ఊహించని ఆపద వచ్చిపడింది. ఆ ఏడు వాన బాగా కురిసింది! వరసగా ఎండిన ఏళ్ల తర్వాత, విత్తనానికి ఒకసారి, పూతకు ఒకసారి, ఊడ మట్టిలోకి దిగి కాయ కట్టేదానికి ఒకసారి, పిలిచినట్టే వచ్చింది. ఊరికి వాన పడింది, ఈ పిల్ల ప్రాజెక్టు మునిగింది. వానే వచ్చేస్తే వాన చదువు ఎవరు చదువుతారు?

“మా ఊర్లో పద్యం చదివే తాతను అడుగుదాం సార్” అన్నది. “టేపు కోసం రవ్వంత చదవమంటే చదవడా?”

నవంబరులో బయలుదేరినాం. టేప్‌రికార్డరు ఇంగ్లీషు శాఖ వాళ్లది. ‘ప్లీజ్’ అనే మాటను నేను జీవితంలో సరైన ఉచ్చారణతో పలికింది ఆ ఒక్కరోజే. దారికి రెండు పక్కలా పీకిన శెనక్కాయ చెట్లు, వేర్లు పైకి తిరిగి, చిన్న చిన్న కుప్పలుగా ఆరుతున్నాయి. బస్సు కిటికీలోంచి చూసి ‘ఆహా, ఎంత పంట’ అనుకున్నాను. నేను రాయదుర్గంలో గుడ్డలు కుట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. శెనక్కాయతో నా పరిచయమంతా వేయించిన తర్వాతే. ఆ పిల్ల అయితే రైతు బిడ్డే, కానీ ఆ రోజు ఆమె కళ్లకు క్యాసెట్టు తప్ప ఇంకేమీ ఆనలేదు.

తాత మమ్మల్ని చూసి పొంగిపోయినాడు. ఆయనకు తోడుగా అర్థం చెప్పే ముసలాయన బెంగుళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయి చానాళ్లయింది. జత కుదరక, ఎండిన ఏళ్లలో కూడా ఊరు పద్యం అడగలేదు. ఇప్పుడు అనంతపురం నుంచి యంత్రం వెతుక్కుంటూ వచ్చింది.

“రవ్వంత చాలు తాతా” అన్నది అమ్మాయి.

“రవ్వంత యాడన్నా చదువుతారామ్మే? టీవీలో అడ్వటైజా ఇది?”

స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, నొసట నామం దిద్ది, దీపం వెలిగించి, పీట మీద పుస్తకం పెట్టినాడు. ముందు ప్రార్థన, తర్వాత పద్యం. నేను బొత్తాము నొక్కినాను. డెబ్బై దాటిన మనిషి గొంతు అంత ఎత్తుకు పోతుందని నేను అనుకోలేదు. చదివీ చదివీ దమ్ము తీసుకోవడానికి ఆగి, “ఏదీ, వినిపించప్పా నా గొంతు” అన్నాడు. అరుగు మీద పెట్టి శబ్దం పెంచినాను. వీధి వీధంతా మోగింది.

అప్పుడే చేను నుంచి సద్దిగిన్నె నెత్తిన పెట్టుకొని వస్తున్న ఒకామె ఠక్కున ఆగిపోయింది.

“ఎవురు సామీ ఇప్పుడు వాన చదువు పెట్టింది? ఊరందరి కాయలూ చేన్లల్లోనే ఉండాయే!”

తాత అమ్మాయి వైపు చూసినాడు. అమ్మాయి నా వైపు చూసింది. నేను యంత్రం వైపు చూసినాను. యంత్రం మాత్రం నిశ్చింతగా వానను పిలుస్తూనే ఉంది.

మీకు అర్థం కావడానికి చెబుతాను. పీకిన శెనక్కాయ చేలో ఆరేటప్పుడు వాన పడితే కాయ మొలకెత్తుతుంది, కట్టె, అంటే ఆరిన చెట్టు, నల్లబడి బూజు పడుతుంది, ఆ కట్టెను పశువు మూతి పెట్టి కూడా చూడదు. ఎన్నో ఏళ్లకు దక్కిన ఒక్క పంట అది. దానికి తోడు బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియో పొద్దుటి నుంచి చెబుతూనే ఉందట. తూర్పున మబ్బు నిజంగానే కమ్ముకుంటున్నది. ఎప్పుడూ ఎదురుచూసే మబ్బే. ఆ రోజు మాత్రం అందరూ దాన్ని పిలవని చుట్టాన్ని చూసినట్టు చూసినారు.

రచ్చకట్ట దగ్గర జనం కూడినారు. అమ్మాయి నాయన చేలోంచి మట్టి కాళ్లతోనే వచ్చినాడు.

“ఏం పనిమ్మే ఇది? పుస్తకాలు చదివి చదివి కండ్లు కనపడకుండా పోయినాయా? వచ్చేటప్పుడు మన చేను చూసుకోలేదా?”

“చూసినా నాయనా. తోచలేదు.”

“అయివారికీ తోచలేదా?”

అయివారు అంటే నేనే. క్యాసెట్టు సరిచేస్తున్నట్టు నటించినాను.

“ఆపేయండప్పా, అంతే కదా” అన్నారు ఎవరో.

“మొదలుపెట్టింది నడిమిట్లో ఎట్లా ఆపుతారు?” తాత గొంతు లేచింది. “ఆపితే ఊరికి కీడు. దీపం పెట్టినాక ముగించేదే.”

“ముగిస్తే వానొస్తాది కదా!”

“రాదా మరి?”

లారీ మీద ఊర్లు తిరిగొచ్చిన ఒక పడుచోడు మధ్యలో దూరినాడు. “ఏం తాతా, నువ్వు చదివితే నిజంగా వచ్చేస్తాదా ఏంది? ఊరికే భయపడతాండాం.”

తాత కండ్లు ఎర్రగైనాయి. “ఏమన్నావు? నేను చదివితే రాదా? ఇంకొకసారి అను, ఇప్పుడే కూచొని ముగిస్తా!”

“వద్దు వద్దు, వస్తాది, వస్తాది!” అని అందరూ ఒక్కసారిగా ఒప్పుకున్నారు. ఒక మనిషి గొప్పతనాన్ని ఇంత భయంతో అంగీకరించిన సభను నేను మళ్లీ చూడలేదు.

ఆ పడుచోడికి ఇంకో ఉపాయం తోచింది. “సార్, టేపు వెనక్కి తిప్పేయండి. చదవనట్టే అయిపోతాది.”

చరిత్రను వెనక్కి తిప్పలేమని అంతకుముందు ఎన్ని బ్యాచీలకు పాఠం చెప్పి ఉంటానో! ఆ రోజు ఊరంతా నిలబడి తిప్పమన్నది. తిప్పినాను. చక్రాలు గిరగిరా వెనక్కి పోయినాయి. అందరూ తాత వైపు చూసినారు.

“డబ్బాలోది వెనక్కి పోయిందిలే. నా గొంతులోంచి పోయింది యాడికి తిప్పుతావప్పా?” అన్నాడాయన.

ముందుకు పోతే పంటకు ముప్పు, ఆపితే ఊరికి కీడు. ఈ రెండింటి నడుమ ఒక పిల్ల ఎం.ఏ. ఇక క్యాసెట్టు చెరిపేసి, వచ్చే బస్సుకు పోదామని చెప్పడానికి నోరు తెరిచినాను. అమ్మాయి అప్పటికే తాత ముందు కూచుని ఉంది.

“తాతా, వాన చదువు ఒక్కరోజులో అయిపోతాదా?”

“అదెట్లా అయితాది? పొద్దుకింత చదువుతాం.”

“పొద్దుకీ పొద్దుకీ నడుమ ఆపుతారు కదా?”

“మరి నిద్దర పోవద్దా?”

“ఆ నడుమ ఎంతసేపు ఆపొచ్చని యాడన్నా రాసుందా?”

తాత పుస్తకం వైపు చూసినాడు, పిల్ల వైపు చూసినాడు. “రాసిలేదు. దీపం మాత్రం ఆరకూడదు.”

“ఆరనీయం. కాయలన్నీ కళ్లాలకు చేరి వాములు పడేదాకా నీకు నిద్దర టైము. ఆ తర్వాత లేచి చదువు.”

ఆమె నాయన తలగుడ్డ దులిపి కట్టుకుంటూ, “ఇంకేం నిలబడుకున్నారప్పా? తాత లేచేలోపల అయిపోవల్ల!” అన్నాడు. జనం చేలకు పరుగెత్తినారు.

కూలోళ్లు దొరకని రోజులు. ఊర్లో అందరి కాయా ఒకేసారి ఎత్తాలి. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చి మరుసటి పొద్దున శాఖాధిపతికి ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. తిడతారనుకున్నాను. ఆయన కిటికీ దగ్గరికి పోయి తల బయటపెట్టి తూర్పు వైపు చూసినారు.

“ఎంత కట్టె చేలో ఉండాది?”

“ఊరందరిదీ సార్.”

“క్లాసును తీసుకుపో. నోటీసులో క్షేత్ర పర్యటన అని రాయి.”

“సార్, ఆధారం...”

“మబ్బు కనపడ్లేదా నీకు?” అన్నారు. ఆయనే బస్సులో మా అందరికంటే ముందు సీట్లో కూచున్నారు.

క్షేత్ర పర్యటన అనే మాటకు అప్పుడు న్యాయం జరిగింది. పేరుకే పర్యటన, జరిగిందంతా క్షేత్రమే. మా పిల్లల్లో చానామంది రైతుల బిడ్డలు. స్వాతంత్ర్యోద్యమం గురించి నాలుగు ముక్కలు చెప్పలేని అబ్బాయి ఒకడు బండికి కట్టె ఎత్తుతుంటే అందరూ నిలబడి చూసినారు. నన్ను మొదట మోసేదానికి పెట్టినారు. తర్వాత అందించేదానికి పెట్టినారు. చివరికి ఒకామె, “సార్, మీరు ఆ నీడలో కూచోండి, కాయలు తొక్కుతాండారు” అని నా హోదాను కాపాడింది.

శాఖాధిపతి సంగతి వేరు. ఆయనది సోమందేపల్లె పక్క పల్లె. ప్యాంటు విప్పి ఎవరిదో పంచె అడిగి కట్టుకొని వామి ఎక్కినారు. వామి వేయడం అందరికీ రాదు. కాయ లోపలికి, కట్టె బయటికి వచ్చేలా చుట్టూ పేర్చుకుంటూ, పైకి పోయే కొద్దీ కుదించి, వాన నీళ్లు జారిపోయేట్టు కొప్పు పెట్టాలి. ఆయన పైన నిలబడి, “ఏయ్, ఇటు అందించు! ఈ పక్క తగ్గింది! నీకు ఎం.ఏ. ఎవరిచ్చినారయ్యా?” అని అరుస్తుంటే, ఎం.ఏ. నాకు ఆయనే ఇచ్చినారన్న సంగతి గుర్తు చేయడం మర్యాద కాదని ఊరుకున్నాను. అన్నేళ్లలో ఆయన అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు.

దీపాన్ని ఆ అమ్మాయి అవ్వా, తాత భార్యా వంతులేసుకొని కాసినారు. తాత మాత్రం తాను నిద్రలో ఉన్నట్టే లెక్క కాబట్టి ఎవరితోనూ మాట్లాడకుండా గడప మీద కూచొని, పోయే బండ్లను చూస్తూ ఉన్నాడు. నవ్వొచ్చినప్పుడు మొగం పక్కకు తిప్పుకున్నాడు.

మేమంతా ఊర్లో ఉన్నన్ని రోజులూ మబ్బు వచ్చి బెదిరించి పోయింది. ఆఖరి వామికి కొప్పు పడి, దాని మీద బోద గడ్డి కప్పినాక శాఖాధిపతి దిగి, చేతులు దులుపుకొని, అమ్మాయితో, “ఇది చరిత్ర అని నేనింకా ఒప్పుకోలేదు. వామి మాత్రం బాగా వచ్చింది” అని బస్సెక్కి వెళ్లిపోయినారు. నేను టేప్‌రికార్డరుతో ఉండిపోయినాను.

తాత ‘నిద్ర లేచి’ చదువు మొదలుపెట్టినాడు. అర్థం చెప్పేవాళ్లు లేరు కదా. ఊర్లో మగవాళ్లంతా ఒకర్ని చూసి ఒకరు వెనక్కి జరిగినారు. తాతే విసుక్కుని, “ఇంత గలాటా తెచ్చింది యా పిల్లో, ఆ పిల్లే కూచుంటాది” అన్నాడు. ఆడపిల్ల అర్థం చెప్పడం ఆ ఊర్లో లేదు. కాదనడానికి ఎవరో గొంతు సవరించుకున్నారు. కానీ వాళ్ల వామి కూడా ఆ పిల్ల తెచ్చిన చేతులతోనే లేచింది, సవరించుకున్న గొంతుతో దగ్గి ఊరుకున్నారు.

మొదట బెదిరింది. పుస్తకాల తెలుగులో మొదలుపెట్టింది. “అట్లా కాదుమ్మే, మన మాటల్లో చెప్పు” అన్నాడు తాత. అంతే, ఊపు అందుకుంది. పురాణంలోని రాజులు కంబదూరు సంతలో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకోవడం మొదలైంది. ఆడవాళ్లు పనులు ముగించుకొని వచ్చి ముందు వరసలో కూచున్నారు. నేను క్యాసెట్లు మారుస్తూ పోయినాను. అలా కొన్ని పొద్దులు.

ముగిసే రోజు సాయంత్రం మబ్బు నెత్తి మీదికే వచ్చింది. కడపటి పద్యం అయింది. ఆ పిల్ల అర్థం చెబుతున్నది. నాకు మోచేతి మీద ఏదో చల్లగా తగిలింది. దుమ్ములో అక్కడొకటి ఇక్కడొకటి మచ్చలు పడినాయి. ఊరంతా వాముల వైపు తలలు తిప్పింది. అంతే. అక్కడితో ఆగిపోయింది. మబ్బు పడమటికి జరిగింది.

“చూసినారా!” అన్నాడు తాత, పుస్తకం మూస్తూ. “వచ్చింది!”

“రాలేదప్పా, తప్పించుకున్నాం!” అని ఊరు చప్పట్లు కొట్టింది.

ఇద్దరూ గెలిచిన పోటీ అది. తాత కొబ్బరికాయ కొట్టినాడు, అందరూ తిన్నారు.

ఇక ప్రాజెక్టు. ఆమె ముందు అనుకున్నది కరువొస్తే జనం ఎందుకు చదువుతారో రాయాలని. రాసింది మాత్రం జనం ఎప్పుడు చదవరో అని. ఏయే నెలల్లో ఆ పుస్తకం పేరు కూడా ఎత్తరు, శెనక్కాయ పంట జిల్లా అంతా పాకినాక ఆ చదవని నెలలు ఎట్లా మారినాయి, జొన్నా కొర్రా వేసిన కాలంలో ఎట్లా ఉండేది అని ఊరూరా ముసలివాళ్లను అడిగి రాసింది. నేను దిద్దింది ‘థ’ పొట్టలో చుక్కలే. మీకు నేను చెప్పగలిగిన సలహా ఏదన్నా ఉంటే అది ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నదే. అనుకున్న దారి మూసుకుపోయినప్పుడు ఇంటికి రాకండి. ఎందుకు మూసినారో అక్కడే నిలబడి అడగండి.

మౌఖిక పరీక్షకు బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్దాయన వచ్చినారు. కోస్తా మనిషి, వానకు కొదవ లేని చోటు. శాఖాధిపతి ఆయన పక్కనే బిగుసుకొని కూచున్నారు. టేపు వినిపించినాం. ఒక పద్యం, దాని వెంట ఆ పిల్ల అర్థం. పెద్దాయన కండ్లు మూసుకొని విన్నారు. తర్వాత పుటలు అటూ ఇటూ తిప్పి, ఏదో పోగొట్టుకున్నవారిలా అడిగినారు.

“అంతా బాగుందమ్మా. ఇంతకీ వాన పడిందా, లేదా?”

“చదివినాయన పడిందంటాడు సార్. ఊరు పడలేదంటాది. ఇద్దరి మాటా రాసినా.”

“అది సరే. నువ్వు అక్కడే ఉన్నావు కదా. నువ్వేమంటావు?”

“నేను అప్పుడు అర్థం చెప్తాండా సార్. పైకి చూళ్లేదు.”

పెద్దాయన మా శాఖాధిపతి వైపు తిరిగినారు. ‘ఆధారం?’ అనే ఆ ఎప్పటి మాట వస్తుందేమోనని నేను ఆయన నోటి వైపే చూసినాను. ఆయన మార్కుల కాగితాన్ని మెల్లగా పెద్దాయన ముందుకు జరిపి, కలం మూత తీసి ఇచ్చినారు.